అలసిపోని మలుపు

చప్పట్లు ఎవరు మొదలుపెట్టారో ఎస్తేరుకి తెలియదు. తల తిప్పి చూసేసరికి కంట్రోల్ రూములో అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ఢిల్లీ నుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు కూడా కుర్చీల్లోంచి లేచారు. డైరెక్టర్ చక్రధర్ గారు ఎన్నడూ లేనిది ఆమె భుజం తట్టి, "సాధించావమ్మా" అన్నారు.

ఎదురుగా గోడంత తెర. అందులో పెదగరువు తీరానికి అవతల, మధ్యాహ్నపు ఎండకి మెరుస్తున్న సముద్రం మీద, ఒక విమానం రెక్క నిలువునా వాల్చి గుండ్రంగా తిరుగుతోంది. తెర కింద స్పీడు చూపించే అంకె. ఆ అంకె కదలడం లేదు.

ఆ గదిలో అంత సంబరం దాన్ని చూసే. ఏ విమానమైనా గట్టిగా మలుపు తిరిగేటప్పుడు రెక్కలు మామూలు కంటే ఎన్నో రెట్లు బరువు మొయ్యాలి. మోసేకొద్దీ గాలి వెనక్కి లాగుతుంది. ఇంజను ఎంత తోసినా ఆ లాగుడుకి చాలదు. స్పీడు పడిపోతుంది, మలుపు సడలిపోతుంది. ఇంజను తోపూ గాలి లాగుడూ సరిగ్గా తూగేంత వరకే ఏ విమానమైనా నిలకడగా తిరగగలదు. విమానాలు పుట్టిన నాటి నుంచీ ఉన్న హద్దు అది. ఆ హద్దుని ఎస్తేరు చెరిపేసింది.

చెరిపేసింది ఒక పొరతో. రెక్కల మీద అతికించిన ఆ పొర ఉల్లిపొర కంటే పల్చన. అందుకే సంస్థలో అందరూ దాన్ని ఉల్లిపొర అనే పిలిచేవాళ్ళు. గాలి ఎటు సుడి తిరగబోతోందో ముందే కనిపెట్టి, దానికి తగ్గట్టు ఆ పొర సన్నగా వణుకుతుంది. అలా వణికితే గాలికి రెక్కని పట్టుకుని లాగే వీలు దొరకదు. ఎప్పుడు ఎక్కడ ఎంత వణకాలో లెక్క కట్టడం విమానంలో పట్టే కంప్యూటర్ వల్ల అయ్యే పని కాదు కాబట్టి, ఆ లెక్క కింద ఎస్తేరు బల్ల దగ్గర జరిగి రేడియోలో పైకి వెళ్ళేది.

ఆ విమానం నడుపుతున్నవాడు ఆమె తమ్ముడు రూబేను.

చప్పట్లు ఇంకా ఆగలేదు. ఎస్తేరు కూడా నవ్వుతూనే హెడ్‌ఫోన్ చెవికి సర్దుకుంది. ఒంటి బరువు ఏడు రెట్లయినప్పుడు రక్తం తలలోంచి కాళ్ళకి జారిపోకుండా పైలట్లు కడుపు బిగబట్టి, ముక్కుతూ, పొట్టి పొట్టిగా ఊపిరి తీస్తారు. మలుపు మొదలైనప్పటి నుంచీ రూబేను ముక్కుడు ఆమె చెవిలో వినబడుతూనే ఉంది. బస్తా ఎత్తే హమాలీ ముక్కినట్టు, ఒక వరసలో.

ఇప్పుడు వినబడడం లేదు.

ఆమె హెడ్‌ఫోన్‌ని రెండు చేతులతో చెవులకి నొక్కుకుంది. ఇంజను హోరు ఒక్కటే.

"రూబీ" అంది మైకులో. "రూబీ, వినబడుతోందా?"

తెర మీద విమానం అదే వాలులో, అదే స్పీడులో, గీత గీసినట్టు తిరుగుతోంది. అది వంకర పోయినా, వణికినా ఆమెకి అంత భయం వేసేది కాదేమో. లోపల మనిషి మాట్లాడడం లేదు, విమానం మాత్రం ఏమీ జరగనట్టు తిరుగుతోంది.

"అందరూ ఆపండి!" అని అరిచింది. చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

*

అంతకుముందు ఆదివారం చర్చి నుంచి అందరూ ఒకే కారులో ఇంటికి వస్తున్నారు. రూబేను నడుపుతున్నాడు. పక్కన అతని భార్య సలోమి. వెనక సీట్లో ఎస్తేరు, ఆమె పక్కన రూబేను కూతురు మెర్సీ. రెండో తరగతి చదువుతోంది. నోరు మూతపడని పిల్ల.

"నాన్నా, విమానం మలుపు తిరిగితే ఎందుకు కష్టం?" అని అడిగింది మెర్సీ.

"అద్దం దించి చెయ్యి బయట పెట్టు" అన్నాడు రూబేను.

"ఎవరన్నా పిల్లకి చెయ్యి బయట పెట్టమని చెప్తారా?" అంది సలోమి.

"రోడ్డు మీద గేదె కూడా లేదు సలోమీ. పెట్టు తల్లీ. పలకలాగా చదునుగా పెట్టు. ఏమవుతోంది?"

"ఏం కావట్లేదు. చల్లగా ఉంది."

"ఇప్పుడు బొటనవేలి వైపు పైకి లేపి ఏటవాలుగా పెట్టు."

మెర్సీ చెయ్యి పైకి ఎగిరింది. వెంటనే వెనక్కి కొట్టుకుపోయి కిటికీ చట్రానికి తగిలింది. పిల్ల కిలకిలా నవ్వింది.

"పైకి లేపింది గాలే, వెనక్కి లాగిందీ గాలే. ఒకటి కావాలంటే రెండోది భరించాలి. మలుపు తిరగాలంటే రెక్కని ఇంకా ఇంకా ఏటవాలుగా పెట్టాలి. అప్పుడు ఇంకా లాగుతుంది. మీ అత్త ఏం చేసిందో తెలుసా? లేపడం వరకే గాలికి వదిలి, లాగడం మాన్పించేసింది."

"ఎట్లా అత్తా?"

"చక్కిలిగిలి పెట్టి" అంది ఎస్తేరు. మెర్సీకి ఆ జవాబు బాగా నచ్చింది. ఇల్లు చేరేదాకా గాలికి చక్కిలిగిలి పెడుతూనే ఉంది.

ఎస్తేరుకి పెళ్ళి కాలేదు. కావాలని మానేసింది కూడా కాదు, పనిలో పడి అలా గడిచిపోయింది. నాన్న పోయాక తమ్ముణ్ణి చదివించింది ఆమే. వాడు వైమానిక దళంలో చేరి, తర్వాత ఈ సంస్థకి టెస్ట్ పైలట్‌గా వచ్చాక, అక్కాతమ్ముళ్ళు మళ్ళీ ఒకే ఊళ్ళో పడ్డారు. ఆదివారం భోజనం ఆమెకి తమ్ముడింట్లోనే.

ఆ రోజు వంజరం చేప పులుసు తిని, రూబేను వెనక అరుగు మీద కూర్చుని పళ్ళు కుట్టుకుంటూ మెల్లిగా అన్నాడు.

"అక్కా, నీ బండి అలిసిపోవట్లేదే."

"అలిసిపోకూడదనేగా ఇన్నేళ్ళు చచ్చింది."

"అది కాదే. ఇదివరకు ఏ విమానాన్ని మలుపులో ఎంత బలంగా లాగినా, కాసేపటికి స్పీడు పడిపోయేది. స్పీడు పడితే ఒంటి మీద బరువు దిగేది. ఆ సందులో నేను ఊపిరి తీసుకునేవాణ్ణి. అది అలిసిపోతే నేను తేరుకునేవాణ్ణి. ఇప్పుడు అది నన్ను చూసి ఆగట్లేదు."

ఎస్తేరు అతని మొహంలోకి చూసింది. "భయంగా ఉందా?"

"భయం కాదు. మొన్న దిగాక కాసేపు సలోమి పేరు గుర్తు రాలేదు. నవ్వకు. నిజంగానే."

"డాక్టరుకి చెప్పావా?"

"చెప్పా. నీళ్ళు తాగి పడుకోమంది."

"ఈసారి ఆరు దాటొద్దు రూబీ. బరువు ఆరు రెట్లకి హద్దు పెడతాను."

"ఢిల్లీ వాళ్ళు వస్తుంటే ఆరేందక్కా? ఏడు. ఎంతసేపు నిలబడుతుందో చూపిద్దాం. నాకు తేడాగా ఉంటే నేనే వదిలేస్తా. అయినా నేను స్పృహ తప్పినా ఏం కాదు. రక్షణ ప్రోగ్రాం ఉందిగా, అదే సర్దేసుకుంటుంది."

రక్షణ ప్రోగ్రాం ఉన్న మాట నిజమే. పైలట్ స్పృహ తప్పితే విమానాన్ని తనంతట తానే సమంగా నిలబెట్టే ప్రోగ్రాం అది. ఎంతోమందిని బతికించింది. దాని మీద ఎవరికీ అనుమానం లేదు. ఎస్తేరుకీ లేదు.

*

"రక్షణ ప్రోగ్రాం ఎందుకు పట్టుకోవట్లేదు?" చక్రధర్ గారు అడిగారు. గొంతు మారిపోయింది.

ఎస్తేరు పక్క బల్ల దగ్గర విమానం నుంచి వచ్చే వివరాలు చూసే పార్థసారథి తెర మీదికి వంగాడు. "దాని లెక్కలో అంతా బాగానే ఉంది సార్. స్పీడు సరిగ్గా ఉంది. ఎత్తు సరిగ్గా ఉంది. స్టిక్ పట్టుకునే ఉన్నాడు."

"పట్టుకుని లేడు" అంది ఎస్తేరు. "చెయ్యి దాని మీద పడి ఉంది."

అప్పుడు అర్థమైంది ఆమెకి. ఏడు రెట్ల బరువెక్కిన చెయ్యి, విమానాన్ని తిప్పే స్టిక్ మీద ఇనపగుండులా పడి, మలుపుని అలాగే పట్టి ఉంచింది. ఆ ప్రోగ్రాం రాసినవాళ్ళు మామూలు విమానాల కోసం రాశారు. స్పృహ తప్పిన మనిషి చేతిలో విమానం స్పీడు పోగొట్టుకుంటుంది, ఎత్తు పోగొట్టుకుంటుంది. ఆ పోవడాన్ని చూసే ప్రోగ్రాం మేలుకుంటుంది. ఉల్లిపొర ఉన్న విమానానికి పోయేదేమీ లేదు. గాలి లాగితే స్పీడు పడేది, స్పీడు పడితే బరువు దిగేది, బరువు దిగితే రక్తం తలకెక్కి వాడు కళ్ళు తెరిచేవాడు. ఆ దారులన్నీ తనే మూసేసింది. ఇంధనం అయిపోయేదాకా ఆ మలుపు ఆగదు.

"ఇంజను కింద నుంచి ఆపలేమా?" ఢిల్లీ ఆయన అడిగాడు.

"మనిషి ఉన్న విమానం సార్. ఇంజను మీద మనకి అధికారం లేదు" అన్నాడు పార్థసారథి.

"నాకు పొర మీద ఉంది" అంది ఎస్తేరు.

చక్రధర్ గారు ఆమె చెయ్యి పట్టుకున్నారు. "ఎస్తేరూ, ఆగు. మెల్లిగా తగ్గించు. ఏడు రెట్ల మలుపులో పొర ఒక్కసారి ఆపితే గాలి ఒకేసారి రెక్కల మీద పడుతుంది. ఒక రెక్క ముందు, ఒక రెక్క వెనక అయిందనుకో, విరిగిపోతుంది. నువ్వే రాశావు ఆ మాట."

"మెల్లిగా తగ్గించేంతసేపు వాడి తలలో రక్తం ఉండదు సార్."

ఆయన చెయ్యి వదిలేశారు.

ఎస్తేరు పొరని ఆపే మీట నొక్కింది.

తెర మీద విమానం గోడకి గుద్దుకున్నట్టు కుదుపు తిన్నది. ముక్కు పక్కకి తిరిగింది. ఎడమ రెక్క చివర నుంచి తెల్లటి ఆవిరి తాడులా లేచింది. ఎవరో "అయ్యో" అన్నారు. ఇంతసేపూ రాయిలా ఉన్న స్పీడు అంకె గబగబా కిందికి దొర్లింది. ఇంత కష్టపడి సంపాదించిన అంకె పడిపోతుంటే ఎస్తేరు దాన్ని చూస్తూ "పడు, పడు" అని పైకే అంటోంది. ఆ సంగతి ఆమెకి తెలియదు.

విమానం ముక్కు సముద్రం వైపు వాలింది. నీళ్ళు తెరంతా నిండాయి. అప్పుడు, స్పీడు పోవడం చూసిన రక్షణ ప్రోగ్రాం మేలుకుంది. రెక్కలు సమమయ్యాయి. ముక్కు లేచింది. అలల మీదుగా విమానం తిన్నగా సాగింది.

హెడ్‌ఫోన్‌లో పెద్దగా ఊపిరి పీల్చిన చప్పుడు.

"రూబీ!"

చాలాసేపటికి జవాబు వచ్చింది. "అక్కా... ఏంది, నిద్రపోయానా?"

*

అతను తనే దింపాడు. ఒక్క కుదుపు లేకుండా, ఎప్పటిలాగే. చేతులకి పని గుర్తుంది. రన్‌వే పక్కన అంబులెన్స్ దగ్గర నిలబడి ఎస్తేరు చక్రాలు ఆగేదాకా చూసింది. బతికాడు. రెక్క విరగలేదు. ఇంకేమీ అక్కర్లేదు.

రూబేను నిచ్చెన దిగాడు. హెల్మెట్ తీశాడు. కళ్ళలో నరాలు చిట్లి ఎర్రగా ఉన్నాయి. నడక మామూలుగానే ఉంది. సంస్థ డాక్టరు హమీదా ఎదురెళ్ళి నాడి పట్టుకుంది. అతను ఆమె భుజం మీదుగా ఎస్తేరుని చూశాడు. చూసి, కొత్తవాళ్ళని చూసినప్పుడు మర్యాదకి నవ్వే నవ్వు నవ్వాడు.

ఎస్తేరు ఆగలేకపోయింది. ఏడుస్తూ దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ అతని చెంపలకి ఆనించింది.

రూబేను ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఏమనుకోకండి" అన్నాడు ఇబ్బందిగా. "మీరెవరండీ?"

ఆమె చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి.

"రూబీ..." అంది.

అతను ఉలిక్కిపడ్డాడు. ఆమె మొహంలోకి కాకుండా చుట్టూ చూశాడు. అంబులెన్స్ వెనక్కి, జీపు వైపు, విమానం కిందికి. "అక్కా? అక్కా, ఎక్కడున్నావే?"

"ఇక్కడే ఉన్నా. నీ ముందే ఉన్నాను."

రూబేను మళ్ళీ ఆమెని చూశాడు. కళ్ళు, ముక్కు, నుదురు, నెరిసిన పాపిట, ఒక్కొక్కటీ విడివిడిగా చూస్తున్నాడు. ఆ మొహంలో తన అక్క ఎక్కడుందో వెతుకుతున్నాడు. దొరకలేదు.

"డాక్టర్ గారూ" అన్నాడు నెమ్మదిగా. "ఈమె గొంతు మా అక్కది. మొహం ఎవరిదో."

*

ఒంగోలు ఆసుపత్రిలో పరీక్షలన్నీ అయ్యాక హమీదా సలోమిని, ఎస్తేరుని కూర్చోబెట్టి చెప్పింది. రక్తం అందనంతసేపట్లో మెదడులో ఒక చిన్న భాగం చచ్చిపోయింది. మొహాలు గుర్తుపట్టే భాగం. చూపు బాగుంది, తెలివి బాగుంది, జ్ఞాపకాలు బాగున్నాయి. సలోమి పెళ్ళినాటి చీర రంగు చెప్పగలడు. కానీ ఎదురుగా నిలబడిన మొహం సలోమిదని తెలియదు. అద్దంలో తన మొహం తనదని కూడా తెలియదు.

"మళ్ళీ వస్తుందా?" అంది సలోమి.

"చచ్చిన భాగం తిరిగి రాదమ్మా. గొంతుని బట్టి, నడకని బట్టి గుర్తుపట్టడం నేర్చుకుంటారు. చాలామంది అలా బతుకుతున్నారు."

సలోమి ఏడవలేదు. డాక్టరు వెళ్ళిపోయాక ఎస్తేరు వైపు తిరిగింది.

"వదినా, ఒకటి అడుగుతా. ఆ రోజు అరుగు మీద ఆయన నీకు చెప్పలేదా? అది అలిసిపోవట్లేదు, నాకు ఊపిరాడట్లేదు అని? నేను వంటింట్లో ఉన్నా. నాకు వినబడింది."

"చెప్పాడు."

"మరి?"

సలోమి ఇంకాసేపు చూసింది.

"నిన్ను తిట్టాలని ఉంది. తిడితే నువ్వు పోతావు, రావడం మానేస్తావు. అప్పుడు ఆయనకి తెలిసిన గొంతు ఒకటి తగ్గుతుంది. అందుకని తిట్టట్లేదు" అని లేచి లోపలికి వెళ్ళింది.

గదిలో మెర్సీ తలుపు దగ్గరే ఆగిపోయి ఉంది. నాన్న తనకేసి చూసి, ఏ నర్సు కూతురో వచ్చిందనుకుని పలకరింపుగా తల ఊపాడు. వాగుడుకాయ పిల్ల తల్లి కొంగు పట్టుకుంది. సలోమి వంగి చెవిలో చెప్పింది. "పిలువమ్మా. పిలిస్తే తెలుస్తుంది."

"నాన్నా" అంది మెర్సీ.

రూబేను మొహం వెలిగింది. "మెర్సీ! ఎప్పుడొచ్చావు?" అని చేతులు చాచాడు. పిల్ల వెళ్ళి ఆ చేతుల్లో దూరింది గానీ, మొహం పైకెత్తి అతన్నే చూస్తూ ఉంది.

*

సంస్థలో సమావేశం పెట్టినప్పుడు, పొరని పక్కన పెట్టేస్తున్నామని చెప్పడానికే పిలిచారనుకుంది ఎస్తేరు. వెళ్ళేసరికి తెర మీద ఆ మలుపే నడుస్తోంది. రికార్డింగ్‌లో శబ్దం తీసేశారు.

"ఇక్కడ గమనించండి" అంటున్నారు చక్రధర్ గారు ఢిల్లీ వాళ్ళతో. "ఇక్కడి నుంచి పైలట్ పాత్ర లేదు. అయినా మలుపు నిలబడింది. ఒక్క శాతం కూడా సడలలేదు. పొర పనితనానికి ఇంతకంటే రుజువు ఉండదు."

ఎస్తేరు తను విన్నది నిజమేనా అని పక్కనున్న పార్థసారథి మొహం చూసింది. అతను తల దించుకున్నాడు.

"సార్" అంది లేచి. "పైలట్ పాత్ర లేదు అంటున్నారే, అప్పుడు వాడు చచ్చిపోతున్నాడు."

"కూర్చో అమ్మా. రూబేను విషయంలో మా అందరికీ బాధగానే ఉంది. బిగువైన కొత్త సూట్ వస్తోంది. వయసులో చిన్నవాణ్ణి ఎంచుకున్నాం. స్క్వాడ్రన్ లీడర్ విహారి. ఈసారి రక్షణ ప్రోగ్రాం పైలట్ ఊపిరిని కూడా చూస్తుంది."

"ఊపిరి ఆగాక చూస్తే ఏం లాభం సార్? నాకు ఒక వారం ఇవ్వండి. పొరకే హద్దు పెడతాను. ఏడు రెట్ల మలుపు కాసేపు నిలిచాక తనంతట తనే మెల్లిగా సడలిపోతుంది. గాలిని మళ్ళీ కొంచెం లాగనిస్తుంది. స్పీడు పడుతుంది. లోపలి మనిషి తేరుకుంటాడు."

ఢిల్లీ ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మేడమ్, మేము మీ దగ్గరికి వచ్చిందే సడలని మలుపు కోసం. సడలిపోయే విమానాలు మా దగ్గర బోలెడున్నాయి."

ఎవరో చిన్నగా నవ్వారు. ఎస్తేరు వెళ్ళి కంప్యూటర్‌లో శబ్దం పెంచింది. రూబేను ముక్కుడు గదంతా నిండింది. బలంగా మొదలై, తడబడి, ఒకచోట సగంలో తెగిపోయింది. దాని వెనకే చప్పట్ల మోత. తమ చప్పట్లు తామే విని అక్కడున్నవాళ్ళు బల్లలకేసి చూశారు.

చక్రధర్ గారు లేచి శబ్దం ఆపేశారు. "పరీక్ష వచ్చే నెలలోనే" అన్నారు. "నీకు ఇష్టం లేకపోతే నీ బల్ల దగ్గర ఇంకొకరు కూర్చుంటారు."

*

విహారి తనే వచ్చాడు, రూబేనుని చూడాలని. ఎస్తేరు అతన్ని వెంటబెట్టుకుని, వారంలో పెడతానన్న హద్దు సంగతి దారిలో చెప్తూ తమ్ముడింటికి తీసుకెళ్ళింది. ముప్పై కూడా నిండని కుర్రాడు. రూబేను ఎదుట కాలు మీద కాలు వేసుకోకూడదన్నంత గౌరవం. అతనికి కావలసింది మాత్రం ఒక్కటే.

"సర్, ఎలా ఉంటుంది ఆ మలుపు?"

రూబేను అబద్ధం చెప్పలేదు. "నేను నడిపినవాటిలో అంత అందమైనది ఇంకోటి లేదు. లాగుతుంటావు, అది ఇస్తూనే ఉంటుంది. ఇంకా లాగు అంటుంది. గాలి లేనట్టే ఉంటుంది." అతని కళ్ళు మెరిశాయి. విహారి కళ్ళు కూడా.

ఆపుతాడని ఎస్తేరు అనుకున్నవాడే ఆశ పెడుతున్నాడు.

"మరి స్పృహ తప్పేముందు తెలిసిందా సర్?"

"తెలిస్తే వదిలేసేవాణ్ణిగా. ఏమీ తెలియలేదు. అదే దాంతో చిక్కు." గోడ గడియారం చూసి లేచాడు. "బడి వదిలే టైమయింది. మా పాపని తీసుకురావాలి. మీరూ రండి, నడుస్తూ మాట్లాడుకుందాం."

బడి రెండు వీధుల అవతల. గేటు ముందు అమ్మలు, తాతయ్యలు, ఆటోలు. గంట కొట్టగానే నీలం గళ్ళ గౌన్లు, రెండు జడలు, తెల్ల రిబ్బన్లు గుంపుగా బయటపడ్డాయి. రూబేను గేటు పక్క స్తంభం దగ్గర నిలబడ్డాడు. రోజూ అక్కడే నిలబడతాడు. మెర్సీ పరిగెత్తుకొచ్చి "నాన్నా" అని కేకేస్తుంది, అప్పుడు చెయ్యి పట్టుకుంటాడు. అది వాళ్ళిద్దరి ఒప్పందం.

ఆ వేళ మెర్సీ కేక వెయ్యలేదు. మెల్లిగా నడిచి వచ్చి సరిగ్గా అతని ఎదురుగా నిలబడింది. మొహం పైకెత్తి, ఊపిరి బిగబట్టి, రెప్ప వెయ్యకుండా చూస్తోంది. ఈ ఒక్కసారైనా నాన్న తనంతట తనే గుర్తుపడతాడేమో అని.

ఎస్తేరు నోరు తెరవబోయింది. మెర్సీ ఆమెకేసి చూసి, వద్దని తల అడ్డంగా ఊపింది.

రూబేను పిల్లల గుంపులోకి చూస్తున్నాడు. ఒక్కొక్క పిల్లనీ చూస్తున్నాడు. గుంపు పల్చబడుతున్నకొద్దీ అతనిలో కంగారు పెరుగుతోంది. మునివేళ్ళ మీద లేచి చూశాడు. ఎదురుగా ఉన్న పాప అడ్డమనిపించింది కాబోలు, వంగి, ఎంతో మెత్తగా అన్నాడు.

"కాస్త పక్కకి జరుగుతావా తల్లీ? మా పాప వస్తుంది, కనబడట్లేదు."

మెర్సీ జరగలేదు. కింది పెదవి బయటికి వచ్చింది. కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా రాలాయి.

విహారి ఆ పాపని అంతకుముందు ఎన్నడూ చూసి ఉండలేదు. అయినా అతనికి అర్థమైంది. ఎస్తేరు పక్కకి తిరిగేసరికి ఆ కుర్రాడి మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయి ఉంది.

"ఏమ్మా, ఎందుకేడుస్తున్నావు?" రూబేను మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "మీవాళ్ళు రాలేదా?"

"నేనే నాన్నా" అంది మెర్సీ.

రూబేను నిలువునా కొయ్యబారిపోయాడు. తనేమన్నాడో, ఎవరితో అన్నాడో లోపలికి దిగడానికి కొంతసేపు పట్టింది. తర్వాత అతని గొంతులోంచి వచ్చిన చప్పుడుకి ఆటో వాళ్ళు కూడా తిరిగి చూశారు.

విహారి రెండడుగులు వెనక్కి వేసి, జేబులోంచి ఫోను తీశాడు. రెండుసార్లు తప్పు నొక్కాడు. "చక్రధర్ సార్, విహారిని" అన్నాడు. "ఎస్తేరు మేడమ్ హద్దు పెట్టేదాకా నేను ఎక్కను. కాదు సార్, సూట్ సంగతి కాదు. నా బదులు ఇంకెవరినైనా పిలిస్తే ముందు ఇక్కడికి పంపండి. ఈ బడి దగ్గరికి. సాయంత్రం గంట కొట్టే వేళకి." అవతల ఆయన ఏదో అంటూనే ఉన్నారు. విహారి ఫోను పెట్టేసి, ఎస్తేరుతో, "వారం అన్నారు కదా మేడమ్. ఈ రోజే మొదలుపెట్టండి" అన్నాడు.

ఎస్తేరు తల ఊపింది. ఆమె చూపు గేటు దగ్గరే ఉంది.

రూబేను దుమ్ములో మోకాళ్ళ మీదే ఉన్నాడు. మెర్సీ రెండు చేతులూ పట్టుకుని, గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

"మాట్లాడు తల్లీ" అన్నాడు. "ఏదో ఒకటి మాట్లాడు. ఆపకుండా."

మెర్సీ ముక్కు ఎగబీల్చింది. తర్వాత, ఇవాళ లెక్కల టీచరు రాలేదని, వాళ్ళ క్లాసులోకి ఉడుత వచ్చిందని, అది ప్రశాంతి టిఫిన్ డబ్బాలో మూతి పెట్టిందని చెప్పడం మొదలుపెట్టింది. చెప్పేకొద్దీ మామూలు గొంతు వచ్చేసింది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారుతుండగానే రూబేను నవ్వాడు.

"ఆ, ఇప్పుడు కనబడుతున్నావు" అన్నాడు.